నాకు పూనకం రాలేదు మొర్రో!

ముందే చెప్తున్నా, ఎవరైనా నవ్వితే టీ మధ్యలోనే లేచి వెళ్ళిపోతా. మొన్న గురువారం పట్టపగలు, జూబ్లీహిల్స్‌లో నడిరోడ్డు పక్కన, నా నెత్తిన చెంబెడు పసుపు నీళ్ళు కుమ్మరించారండీ! నేనేమైనా పిచ్చిదాన్నా? ప్రభుత్వోద్యోగిని. ఆన్ డ్యూటీలో ఉన్నా. మెళ్ళో ఐడి కార్డు కూడా వేలాడుతోంది. అయినా పోశారు. పోసి దండం కూడా పెట్టారు!

ఇదిగో, అప్పుడే మూతి బిగిస్తున్నారు. వినండి ముందు.

అసలు తప్పంతా మా సూపరింటెండెంట్ గారిది. మాది సిటీ దాటాక వచ్చే ప్రాంతీయ పురావస్తు మ్యూజియం, తెలుసుగా. నేను అసిస్టెంట్ క్యూరేటర్‌ని. రాతి గొడ్డళ్ళు, కుండపెంకులు, ముక్కులు విరిగిన విగ్రహాలు, ఓ పాతిక శాసనాలు. వచ్చేవాళ్ళలో సగం మంది ఎండకి చల్లగా ఉంటుందని వస్తారు. మిగతా సగం మంది బాత్రూం ఎక్కడని అడుగుతారు. ఆ గ్యాలరీలో నాకు ప్రాణంతో సమానమైంది ఒక్కటుంది. వీరగల్లు అచ్చు. వీరగల్లంటే ఊరి కోసం పోరాడి చచ్చిపోయినవాడి గుర్తుగా నిలబెట్టిన రాయి. మావాడు చేతిలో కత్తి, కోర మీసాలు, వెనకాల రెండు ఆవులతో ఉంటాడు. కింద నాలుగు పంక్తుల శాసనం. అసలు రాయి ఎక్కడో పొలం గట్టున వానకి తడిసీ తడిసీ అక్షరాలన్నీ అరిగిపోయింది. ఎప్పుడో మా సీనియర్లు దాని మీద తీసిన ఈ ప్లాస్టర్ అచ్చులోనే ఆ నాలుగు పంక్తులూ మిగిలాయి. మూడడుగుల ప్లాస్టర్. నీళ్ళు తగిలాయా, అంతే సంగతులు.

అలాంటిదాన్ని సినిమావాళ్ళకి అరువిచ్చారండీ! రాజుల కాలం కథట, సెట్ వెయ్యడానికి రిఫరెన్స్ కావాలట, ఒక్క వారమట. నేను వద్దన్నా. ఫైల్లో రాసి మరీ వద్దన్నా. పైనుంచి ఎవరో ఫోన్ చేశారు, సార్ సంతకం పెట్టేశారు. వారం కాస్తా ఐదు నెలలైంది. ఫోన్ చేస్తే "డైరెక్టర్ గారు లొకేషన్‌లో ఉన్నారు మేడమ్". మళ్ళీ చేస్తే "స్క్రిప్ట్ మారింది మేడమ్". స్క్రిప్ట్ మారితే మా వస్తువు మాకివ్వడానికేమయ్యా రోగం?

ఆఖరికి సార్ ఏమన్నారో తెలుసా? "మీ ఇల్లు వెంగళరావు నగర్ కదా రమాదేవి గారూ. ఫిల్మ్‌నగర్ మీకు దగ్గరే. ఆఫీసుకొస్తూ వస్తూ పట్టుకొచ్చేయండి."

పెరుగు ప్యాకెట్టు తెమ్మన్నట్టు!

ఆఫీసు జీపు అడిగితే రిపేరన్నారు. సరే, నా ఖర్మ అనుకుని రికార్డు రూమ్‌లో దస్త్రాలు కట్టే ఎర్ర గుడ్డ ఒకటి సంచిలో పెట్టుకుని, పొద్దున్నే ఆ సినిమా ఆఫీసుకి వెళ్ళా. రిసెప్షన్‌లోనే కనిపించాడు మావాడు. ఎలా ఉన్నాడనుకున్నారు? నెత్తి మీద రెండు హెల్మెట్లు! కత్తి మీద ఎవరిదో గొడుగు తగిలించి ఉంది. ఆవుల ముందు బిర్యానీ కవర్లు!

"ఏంటండీ ఇది?" అన్నా.

మేనేజరు పళ్ళికిలించాడు. "ఇది మీదా మేడమ్? మా పాత సెట్‌ది అనుకున్నాం. అక్షరాలు సరిగా కనబడట్లేదని మా ఆర్ట్‌వాళ్ళు నల్ల పెయింట్ కొడదామన్నారు. నేనే ఆపా."

ఆపినందుకు సన్మానం చెయ్యాలేమో! ఒక్క మాట మాట్లాడకుండా హెల్మెట్లు తీసి పక్కన పెట్టి, మెత్తటి బ్రష్‌తో దుమ్ము దులిపి, ఎర్ర గుడ్డ చుట్టా. గుడ్డ చాల్లేదు. మెడ దాకానే వచ్చింది. మొహం, మీసాలు, పైకెత్తిన కత్తి బయటే ఉండిపోయాయి. పోన్లే అనుకుని, ఇద్దరి చేత ఆటోలోకి ఎక్కించా.

ఆటో అతని పేరు యాదగిరి. బోరబండ నుంచి వచ్చాడు. మంచివాడే. గుంత వస్తే "పైలం మేడమ్, సార్‌ని పట్టుకోండ్రి" అని వీరుణ్ణి సార్ అంటూ వచ్చాడు. జూబ్లీహిల్స్ ఎత్తు ఎక్కుతుండగా టక్‌మని చప్పుడైంది. బండి ఆగింది.

"క్లచ్ వైర్ తెగింది మేడమ్. బండిని పక్కకు ఒరగబెట్టాలె. సార్‌ని దించుదాం."

"ఒరగబెట్టడమా! ప్లాస్టరయ్యా బాబూ!"

"గందుకే దించుదామంటున్న."

ఇద్దరం కలిసి ఓ బంగళా ప్రహరీకి ఆనుకుని, వేపచెట్టు కింద నిలబెట్టాం. ముందుకు జారకుండా నేనే రెండు ఇటుకలు ఏరుకొచ్చి అడ్డం పెట్టా. "కిందికి కృష్ణానగర్ పోయి వైర్ తెస్త, జర సేపు కూసోండ్రి" అని యాదగిరి వెళ్ళిపోయాడు.

అతను అటు వెళ్ళాడో లేదో, ఇటు మబ్బు కమ్మేసింది. ప్లాస్టర్! వాన! ఓ ప్లాస్టిక్ పట్టా అయినా దొరక్కపోతుందా అని చూస్తే, ఎదురుగా పూలబుట్ట పెట్టుకుని ఒక పెద్దావిడ కూర్చుని ఉంది. పేరు బాలమ్మ అని తర్వాత తెలిసింది. గబగబా వెళ్ళి చెప్పా.

"అమ్మా, కాస్త ఆయన్ని చూస్తుండమ్మా. చాలా పాతకాలం ఆయన. ఎవర్నీ ముట్టుకోనివ్వకు."

ఆవిడ అటు చూసింది, నా మొహం చూసింది, రెండు చేతులూ జోడించింది. ఎంత మర్యాదస్తురాలో అనుకున్నా!

జూబ్లీహిల్స్‌లో ప్లాస్టిక్ పట్టా కొనడానికి ఎప్పుడైనా ప్రయత్నించారా? ఒక షాపులో ఇటలీ టైల్స్. ఇంకో షాపులో కుక్కలకి పుట్టినరోజు కేకులు. మూడోదాంట్లో పెళ్ళి లెహెంగాలు, లోపలికి వెళ్తే "అపాయింట్‌మెంట్ ఉందా మేడమ్" అంటుంది అక్కడి అమ్మాయి. వానకి కప్పుకునే పట్టాకి అపాయింట్‌మెంటా! చివరికి ఓ బిల్డింగు కడుతున్నచోట మేస్త్రీని బతిమాలి, సిమెంటు బస్తాల మీద కప్పే పసుపుపచ్చ షీటు ఒకటి పట్టుకుని పరుగున వచ్చా. మొత్తం పాతిక నిమిషాలు పట్టి ఉంటుంది. అంతే!

మలుపు తిరిగేసరికి ట్రాఫిక్ ఆగిపోయి ఉంది. ఏదో యాక్సిడెంట్ అనుకున్నా. కాదు. వేపచెట్టు కింద ముప్ఫైమంది. అగరొత్తుల పొగ. మావాడి నుదుట రూపాయి బిళ్ళంత కుంకుమ. మీసాలకి పసుపు. కింద గుడ్డ పైకి మడిచేసి శాసనానికి కూడా గుప్పెడు పసుపు పట్టించింది బాలమ్మ. మెళ్ళో బంతిపూల దండ. నేను అడ్డం పెట్టిన ఇటుకల మీద కొబ్బరి చిప్పలు. డెలివరీ బైకు మీద పోతున్న ఒకతను ఆగి, హెల్మెట్ తీసి, లెంపలు వేసుకుని వెళ్ళాడు.

"పోతరాజు వెలసిండంట! పొద్దున లేడు, ఇప్పుడున్నడు!" అంటోంది ఒకావిడ.

అప్పుడు వెలిగింది నాకు. ఆషాఢం. బోనాల నెల. వేపచెట్టు, ఎర్ర బట్ట, కోర మీసాలు, కత్తి, ముందు రెండు ఇటుకలు. ఇవన్నీ సర్దిందెవరు? ఎవర్నీ ముట్టుకోనివ్వకు అని ఓ పెద్దావిణ్ణి కాపలా పెట్టిందెవరు? నేనే! చేతులారా గుడి కట్టి, పూజారిని కూడా వేసి వెళ్ళా!

సరే, పూలంటే దులిపేస్తాం. కుంకుమంటే పొడి బ్రష్‌తో తీస్తాం. కానీ బాలమ్మ చెంబు ఎత్తింది చూడండి, నిండా పసుపు నీళ్ళు, సరిగ్గా ఆ శాసనం మీదికి...

"ఆగండీ!"

నేను అరిచిన అరుపుకి వేపచెట్టు మీద కాకులు లేచాయంటే నమ్మండి. పరిగెత్తా. చెప్పు తెగింది, వదిలేశా. జుట్టుకి పెట్టుకున్న క్లిప్పు ఎగిరి ఎక్కడో పడింది, జుట్టంతా మొహం మీదికొచ్చింది. జనాన్ని తోసుకుంటూ వెళ్ళి మావాడి ముందు చేతులు బార్లా చాపి నిలబడ్డా. కోపానికి ఒళ్ళంతా వణికిపోతోంది.

"నీళ్ళు పోయొద్దు! నీళ్ళు పోస్తే ఆయన కరిగిపోతాడు!"

బాలమ్మ కళ్ళు చెమ్మగిల్లాయి. "కరగాలనే కద తల్లీ పోస్తున్నం."

"అయ్యో, అది కాదు! నేను చెప్పేది వినండి! నేనెవరో తెలుసా మీకు?"

ఈ ప్రశ్న అడగాల్సింది కాదు. జనం రెండడుగులు వెనక్కి వేశారు. ఎవరో మెల్లగా అన్నారు: "వచ్చింది... అమ్మ వచ్చింది."

చెంబెడు నీళ్ళూ నా నెత్తిన! "శాంతించు తల్లీ, శాంతించు" అంటూ ఎవరో వేపరెమ్మ తెచ్చి జుట్టులో దోపారు. నాకు నిజంగానే ఒళ్ళు మండిపోయింది. ఐడి కార్డు తీసి వాళ్ళ మొహాల ముందు పెట్టా. "చూడండి! గవర్నమెంట్! చదవండి!" బంగళా వాచ్‌మన్ కూడబలుక్కుని చదివాడు. "ర... మా... దేవి." వెనక్కి తిరిగి జనానికి చెప్పాడు. "దేవి అనే ఉన్నది!"

గుంపులో ఒకతనికి మాత్రం అనుమానం వచ్చింది. "అమ్మవారు గట్ల మాట్లాడ్తదేంది, ఆంధ్ర మాటలు?"

"సినిమావాళ్ళ ఏరియా కదనే. గీడ గిట్లనే మాట్లాడ్తది."

అర్థమైందా నా పరిస్థితి? నేను ఎంత కోప్పడితే వాళ్ళకి అంత భక్తి! నెమ్మదిగా చెబుదామంటే జుట్టులోంచి పసుపు నీళ్ళు కళ్ళలోకి కారి మంట. కళ్ళు ఎర్రబడ్డాయి. ఇంకేముంది, ముందు వరసలో వాళ్ళు మోకాళ్ళ మీద కూలబడ్డారు.

ఒకాయన ముందుకొచ్చాడు. మొహాన సగం తుడిచిన మేకప్పు. కృష్ణానగర్‌లో ఉంటాడట, జూనియర్ ఆర్టిస్టట. "తల్లీ, ఏళ్ళ తరబడి గుంపులోనే నిలబెడుతున్నారు. నాకు ఒక్క డైలాగైనా వస్తుందా?"

"ముందు నువ్వు నోర్మూసుకో!" అన్నా.

ఠపీమని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. "మౌనం పట్టమన్నది" అని పక్కాయన అందరికీ వివరించాడు. ఆ మనిషి మళ్ళీ సాయంత్రం దాకా నోరు విప్పలేదండీ!

వాచ్‌మన్ దండం పెట్టి, "తల్లీ, ఈ ఏడు వానలు పడ్తయా?" అన్నాడు.

"ఏడాది దాకా ఎందుకయ్యా, ఇప్పుడే పడుతుంది! ఒకసారి పైకి చూడు! అందుకే కదా నేను పట్టా కోసం వెళ్ళి చచ్చింది!"

వాచ్‌మన్ పైకి చూశాడు. టప్‌మని చినుకు. సరిగ్గా అతని ముక్కు మీద!

ఆ కేకలూ, ఆ చప్పట్లూ, ఈలలూ నేనెలా చెప్పను? ఎవరిదో డప్పు కూడా మొదలైంది. నాకు ఏడుపొక్కటే తక్కువ. గబగబా షీటు విప్పి మావాడి మీద కప్పి, రెండు చేతులతో పట్టుకుని అక్కడే కూర్చుండిపోయా. "ఇది ప్లాస్టర్ అండీ, మ్యూజియందండీ, దయచేసి వెళ్ళనివ్వండీ" అని ప్రాధేయపడుతున్నా. ఒక్కరు వినట్లేదు.

ఆ సమయానికి చేతిలో క్లచ్ వైరుతో యాదగిరి వచ్చాడు. నన్ను చూసి నోరెళ్ళబెట్టాడు. తర్వాత నెమ్మదిగా నా చెవి దగ్గర వంగి అన్నాడు. "మేడమ్, గిట్ల బతిమాలితే వినరు. మేడమ్ లెక్క చెప్పకుండ్రి. అమ్మ లెక్క చెప్పుండ్రి."

"ఛీ! నేను సైన్స్ చదువుకున్నదాన్ని!"

"వాన పెద్దగైతుంది మేడమ్."

షీటు మీద చినుకులు దబదబా పడుతున్నాయి. కింద నుంచి నీళ్ళు పారి ఇటుకల దాకా వచ్చేశాయి. ఇంకొక్క అంగుళం పెరిగితే శాసనం ఆఖరి పంక్తి తడిసిపోతుంది. ఏం చెయ్యమంటారు? కళ్ళు మూసుకున్నా. లేచి నిలబడ్డా. జుట్టు ఒక్కసారి విదిలించా. అది అవసరం లేదు, నాకూ తెలుసు, అయినా విదిలించా.

"నన్ను నా ఇంటికి చేర్చండి!"

బాలమ్మ అడిగింది. "యాడ తల్లీ నీ ఇల్లు?"

"మ్యూజియం!"

ఎవరూ ఎందుకని అడగలేదు. ఎవరిదో పూల ట్రాలీ ఆటో రివర్స్‌లో చెట్టు దాకా వచ్చి ఆగింది. అప్పుడు నేనిచ్చిన ఆజ్ఞలు మీరు వినాల్సింది! "రెండు చేతులతో, అడుగున పట్టుకోవాలి! పక్కకి వంచకూడదు! కింద మెత్తలు వెయ్యాలి! ముందు నడిచేవాడు దారి చూడాలి, వస్తువు చూడకూడదు!" ఇరవై ఏళ్ళుగా మా స్టాఫ్‌కి ట్రైనింగ్‌లో ఇవే నాలుగు ముక్కలు నెత్తీ నోరూ బాదుకుని చెప్తున్నా. ఒక్కడూ విన్న పాపాన పోలేదు. వీళ్ళు ఊపిరి బిగబట్టి, పసిబిడ్డని పడుకోబెట్టినట్టు ట్రాలీలోకి ఎక్కించారు. ఒక్క గీత పడలేదు! బంగళావాళ్ళు సోఫా దిళ్ళు నాలుగు పంపారు, మెత్తలకి!

ట్రాలీలో నా పక్కన బాలమ్మ కూడా ఎక్కింది. మిగతా జనం డప్పుతో సహా బైకుల మీద, ఆటోల్లో మా వెనకే బయల్దేరారు. సగం దారిలో వాన తెరిపిచ్చింది. ఆవిడ నావైపు వంగి, గొంతు తగ్గించి అడిగింది. "బిడ్డా, నీకు పూనకం రాలే కద?"

నాకు ప్రాణం లేచొచ్చింది. "రాలేదమ్మా! ఒట్టు!"

"నాకెరికే. నా చిన్నప్పటి సంది చూస్తున్న పూనకాలు. నువ్వు ఊకె కోపానికొచ్చినవ్." వీరుడి వైపు చూసి, "ఇంతకీ ఈయన ఎవరు?" అంది.

చెప్పా. ఆవుల్ని దొంగలు తోలుకుపోతుంటే ఒక్కడే అడ్డంపడి, వాటిని విడిపించి చచ్చిపోయాడని. ఊరంతా కలిసి ఆయనకి రాయి నిలబెట్టి, దీపం పెట్టడానికి అంత నేల కూడా ఇచ్చారని. అదే ఆ నాలుగు పంక్తుల్లో ఉందని.

"దీపం పెట్టుమని రాసున్నదా?"

"రాసుంది."

"మరి మేం పెడ్తే గంత కోపమెందుకొచ్చింది నీకు?"

నేను క్యూరేటర్‌ని. దానికి నా దగ్గర జవాబు ఉండాలి. ఉండి తీరాలి! ట్రాలీ గేటు దాకా వచ్చేవరకూ షీటు అంచులు సర్దుతూ కూర్చున్నా.

ఇంకా ఒళ్ళు మండే సంగతి ఇంకోటుంది. దండ తీసి చూస్తే, మూడో పంక్తిలో ఆయన పేరు ఉన్నచోట పసుపు పొడి అక్షరాల్లోకి చక్కగా కూరుకుపోయింది. ఆ పేరులో రెండో అక్షరం ఎన్నాళ్ళుగా ఎవరికీ తేలలేదు. "ల" అని ఊహించి పోలయ అని లేబుల్ రాసి పెట్టాం. ఇప్పుడు పచ్చగా, స్పష్టంగా కనబడుతోంది. "త". పోతయ! పెద్ద పెద్దవాళ్ళు భూతద్దాలు పెట్టుకుని తలలు పట్టుకున్న అక్షరాన్ని, పూలమ్ముకునే బాలమ్మ గుప్పెడు పసుపుతో తేల్చేసిందండీ! దీన్ని నేను రిపోర్టులో ఏమని రాసేది?

ఇంతలో సార్ నుంచి పిలుపు. వెళ్ళా. ఒక కాలికి చెప్పు లేదు, నెత్తిన పసుపు, జుట్టులో వేపాకు. బయట డప్పు ఇంకా మోగుతూనే ఉంది.

"రమాదేవి గారూ! ఇది సైంటిఫిక్ సంస్థా, జాతరా? మీకు మెమో ఇస్తున్నా! ఎక్స్‌ప్లనేషన్ రాసివ్వాలి!" అని బల్ల గుద్ది, ఒక కాగితం నా వైపు తోశారు.

చూశారా అన్యాయం? అరువిచ్చింది ఆయన, జీపు ఇవ్వనిది ఆయన, మెమో నాకు! ఉన్నదున్నట్టు అడిగేద్దామని నోరు తెరిచా. ఆయన లేచి తలుపు దగ్గరికేశారు. కిటికీలోంచి ఆ జనాన్ని ఒకసారి చూశారు. వెనక్కొచ్చి, గొంతు బాగా తగ్గించి, అటూ ఇటూ చూసి అన్నారు.

"అది అలా ఉంచండి... నా ప్రమోషన్ ఫైలు రెండేళ్ళుగా పైన ఆగిపోయింది. దాని గురించి... అంటే... మీకేమైనా అనిపించిందా?"

కడిగెయ్యాల్సింది. మీరు పురావస్తు శాఖ అధికారా, ఇంకేమైనానా అని దులిపెయ్యాల్సింది. ఆ మాటే అందామనుకున్నా, ఒట్టు! కానీ నా నోట్లోంచి వచ్చిందేంటో తెలుసా?

"శ్రావణంలో వస్తుంది. ముందు ఆ మెమో చించెయ్."

చించెయ్! సూపరింటెండెంట్ గారిని, ఏకవచనంలో!

ఆయన చించేశారు. ముక్కలు బుట్టలో వేసి దండం కూడా పెట్టారు.

ఇదిగో, నవ్వొద్దన్నానా! మీకేం, మీరు నవ్వుతారు. శ్రావణం పదిరోజుల్లో వచ్చేస్తోంది. ఆ ఫైలు ఏ సెక్షన్‌లో ఆగిందో, ఎవర్ని పట్టుకుంటే కదులుతుందో, మీలో ఎవరికైనా తెలిస్తే చెప్పండి తల్లీ!